పదిహేను డిగ్రీల హిమపాతం

డిసెంబర్ మొదటి వారం దాటగానే హైదరాబాద్‌లో ఒక వింత మొదలవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకి దిగిందో లేదో, ఫోన్ల నిండా మంచు కురుస్తుంది. కేఫుల అద్దాలకి దూది అతికిస్తారు. నారింజరంగు వెలుగు తప్ప వేడి ఇవ్వని కరెంటు ఫైర్‌ప్లేసులు వెలుస్తాయి. మోకాళ్ల దాకా ఊలు మేజోళ్లు, చేతిలో హాట్ చాక్లెట్ కప్పు, ఒళ్లో తెరిచిన పుస్తకం (ఎప్పుడూ సరిగ్గా మధ్య పేజీలోనే తెరిచి ఉంటుంది, గమనించారా?), కింద "కోజీ" అన్న ఒక్క మాట. మధ్యాహ్నం రెండింటికి ఆ హాట్ చాక్లెట్ తెచ్చిచ్చిన కుర్రాడు గేటు దగ్గర హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ ఉంటాడు. బయట 28 డిగ్రీల ఎండ మరి.

ముందే చెప్పేస్తాను, నాకు చలికాలం అంటే చాలా ఇష్టం. మన వైపు ఏడాది మొత్తంలో మనిషి మనిషిలా బతకగలిగేది ఆ రెండున్నర నెలలే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బతకం, ఓర్చుకుంటాం అంతే. కాబట్టి ఎవరైనా చలిని పండగ చేసుకుంటామంటే కాదనేవాణ్ణి కాదు. నా తగువంతా ఆ పండగలో మనం మాయం చేస్తున్న మనుషుల గురించి.

ఈ "కోజీ" వెనకాల ఒక డేనిష్ మాట ఉంది, హూగా. 2016లో ఆ మాట మీద ఇంగ్లీషులో పుస్తకాలు వరసపెట్టి వచ్చాయి. మైక్ వైకింగ్ రాసిన చిన్న పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ల "ఏటి మాట" తుది జాబితాలోకి కూడా అది ఎక్కింది. ఆ దేశంలో దానికొక అర్థం ఉంది. కోపెన్‌హాగెన్‌లో డిసెంబర్ మూడో వారంలో పగలంతా కలిపి ఏడు గంటలు. మధ్యాహ్నం మూడున్నర దాటితే పొద్దు గూకుతుంది. నలుగురు ఒకచోట చేరి, కొవ్వొత్తులు వెలిగించుకుని, ఆ చీకటిని గడపడం వాళ్లకి అవసరం. మన దగ్గర ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు. అంత ఎండనీ తెరలు దించి బయటికి నెట్టేసి, లోపల కొవ్వొత్తి వెలిగించుకుంటున్నాం.

మన చలికాలం ఇంట్లో ముడుచుకునే కాలమే కాదసలు. అది బయటికొచ్చే కాలం. వరి కోతలు, కుప్పనూర్పిళ్లు, హైదరాబాద్‌లో, విజయవాడలో పుస్తకాల పండగలు, జనవరి ఒకటి నుంచి నాంపల్లి నుమాయిష్. తెలంగాణలో అందరికంటే ఎక్కువ వణికే ఆదిలాబాద్ జిల్లానే చూడండి. సరిగ్గా చలి ముదిరిన పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్లు తేవడానికి కాలినడకన వెళ్లొస్తారు. ఆ నడకకి దుప్పట్లో దూరి హాట్ చాక్లెట్ తాగడంతో ఏ చుట్టరికమూ లేదు.

అయితే "ఇది దిగుమతి సరుకు, కాబట్టి చెడ్డది" అని వాదించబోవడం లేదు. ఆ లెక్కన మన స్వెటర్ మాత్రం ఎక్కడిది? ప్రతి నవంబర్‌లో ఊళ్లో ఏదో ఒక రోడ్డు పక్కన టిబెటన్లు వచ్చి కొట్లు పెడతారు. దేశం పోగొట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. మనం వాళ్లని "నేపాలీ వాళ్లు" అనేసి, "హిమాలయాల ఊలు" అనుకుని కొనుక్కుంటాం. అందులో చాలా సరుకు లూధియానా మిల్లుల్లోంచి వస్తుంది. సరుకు ఊరు మారడం పెద్ద విషయం కాదు. దాని వెనకున్న పని కనపడకుండా పోవడం పెద్ద విషయం. దానికి క్రోషే కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండు మూడేళ్లుగా నగరంలో చలికాలం అంటే క్రోషే వర్క్‌షాప్. శనివారం పొద్దున మూడు గంటలు, ఒక కొక్కెం, ఒక ఊలు ఉండ, కాఫీ, ఒక బిస్కెట్. చివర్లో ఒక చిన్న పువ్వో, కప్పు కింద పెట్టుకునే గుండ్రటి ముక్కో చేతికొస్తుంది. ప్రకటనలో "నెమ్మదిగా బతకండి", "చేతుల్తో చేయండి, మనసు కుదుటపడుతుంది" అని ఉంటుంది. నిజమే, కుదుటపడుతుంది కూడా. ఎక్కువమందికి తట్టని సంగతి ఏమిటంటే, ఆ కొక్కెంతో అదే పువ్వుని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు నూట యాభై ఏళ్లకి పైగా అల్లుతున్నారు. మిషనరీలు నేర్పిన పని. యూరప్ బల్లల మీదకి, సోఫాల మీదకి, గౌన్ల అంచులకి అక్కణ్ణుంచే లేసు వెళ్లింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త అక్కడికొచ్చి, ఆ ఆడవాళ్లతో కూర్చుని, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. చాలా దేశాల్లో విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్పే పుస్తకం. మన తెలుగు సాహిత్య చర్చల్లో దాని పేరు ఎన్నిసార్లు విన్నారు? ఆవిడ చూసింది ఇది: వేలాదిమంది ఆడవాళ్లు రోజుకి గంటల తరబడి అల్లుతున్నారు. పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, సరుకు లెక్కపెట్టి పట్టుకుపోతాడు. విదేశాలకి ఎగుమతి చేసి లాభం చేసుకునేవాళ్లు మగవాళ్లు. ఇంత చేస్తున్న ఆడవాళ్లని కార్మికులు అని మాత్రం ఎవరూ అనరు. వాళ్లు ఇల్లాళ్లు. ఇంటి పని అయ్యాక, తీరిక వేళల్లో, ఊరికే కూర్చోకుండా ఏదో అల్లుకుంటున్నారు, అంతే. ఆ "తీరిక వేళ" అన్న మాట వల్లే వాళ్లకి కూలి అంత తక్కువ. తీరిక వేళ చేసే పనికి ఎవడైనా పూర్తి కూలి ఇస్తాడా? ఘోషా పాటించే కాపు ఇళ్లల్లో ఆడవాళ్లయితే తాము కూలికి పోమని, ఇంట్లోనే కూర్చుంటామని గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్పే వ్యాపారికి పెట్టుబడి.

ఇప్పుడు మన వర్క్‌షాప్ దగ్గరికి రండి. అదే కొక్కెం. అదే పువ్వు. మళ్లీ అదే మాట, తీరిక. ఇక్కడ మనం మూడు గంటల తీరికని డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. అక్కడ తీరిక అనే పేరు పెట్టి ఒక బతుకంతా చవగ్గా కొన్నారు. ఈ రెండూ ఒకే మాట మీద నడుస్తున్నాయన్న సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. పైగా మన వర్క్‌షాపులో నేర్పేది యూట్యూబ్‌లో ఒక అమెరికన్ ఆవిడ దగ్గర చూసి నేర్చుకున్న నమూనా. "గ్రానీ స్క్వేర్" అంటాం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఆ పనిలో కళ్లు పోగొట్టుకున్న అమ్మమ్మలున్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి, కేఫు వాడికిచ్చే అద్దెలో సగమైనా ఆవిడకిచ్చి నేర్పించుకోవాలని ఏ నిర్వాహకుడికీ తోచదు. తోచినా, ఆవిడ పోస్టర్ మీద "కోజీ"గా కనపడదేమో.

ఇక అసలు వెచ్చదనం సంగతి. తెలుగు నేల మీద చలికి పుట్టిన వస్త్రం ఒకటుంది, గొంగడి. దక్కనీ గొర్రె నల్లటి ముతక ఉన్ని కత్తిరించి, ఆడవాళ్లు వడికి, పడుగుకి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద కురుమలు నేస్తారు. చలికి కప్పుకోవచ్చు, వానకి నెత్తిన వేసుకోవచ్చు, పొలంలో పరుచుకుని పడుకోవచ్చు. గద్దర్ భుజం మీద చూశాం కాబట్టి మన తరానికి అది పాట గుర్తుగా తెలుసు, బట్టగా తెలియదు. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని సామెత మాత్రం వాడేస్తాం. ఆ వెంట్రుక ఎక్కడిదో ఎప్పుడైనా చేత్తో ముట్టుకున్నామా?

గొంగడి గుచ్చుకుంటుంది. అది నిజం, దాచక్కర్లేదు. మొదటి రాత్రి మెడ దగ్గర దురద పెడుతుంది, కింద పాత చీర వేసుకోవాల్సిందే. వాడిన కొద్దీ మెత్తబడుతుంది. మెరినో ఊలుకి అలవాటుపడ్డ చర్మాలకి అంత ఓపిక ఉండదు. ఆ చర్మాల సంగతి పక్కన పెడితే, గొంగడిని చంపుతున్నది లెక్క. దక్కనీ గొర్రె స్థానంలో మాంసం ఎక్కువ తూగే నెల్లూరు రకాలు మందల్లోకి వచ్చాయి. వాటికి ఒంటి మీద ఉండేది బొచ్చు, ఉన్ని కాదు. వడకడానికి పనికి రాదు. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చి పంచారు. ఆ పథకం మాంసం లెక్క చూసింది, గొల్లకురుమల ఆదాయం లెక్క చూసింది, ఉన్ని లెక్క దానికి అక్కర్లేదు. కత్తిరించే కూలి కూడా గిట్టక ఉన్ని పారేసే చోట ఇక మగ్గమెవడు పెట్టుకుంటాడు? ఈ కథలో ఒక విలన్ని చూపించమంటే చూపించలేను. మేకపోతు మాంసం కోసం ఆదివారం పొద్దున్నే క్యూలో నిలబడే మనమూ ఇందులో ఉన్నాం.

సరే, చేతిపనులు వదిలేద్దాం. "గెటవే"ల దగ్గరికి పోదాం.

తెలుగు సాహిత్యంలో మొట్టమొదటి చలికాలపు వీకెండ్ ట్రిప్పు ప్రవరుడిది. నిత్యకర్మలు, అగ్నిహోత్రం తప్ప ఇంకోటి తెలియని గృహస్థు. ఎవరో సిద్ధుడొచ్చి దేశాల కబుర్లు చెప్పేసరికి మనసు లాగి, కాళ్లకి పసరు పూయించుకుని హిమాలయాలకి ఎగిరిపోయాడు. చూడాల్సినవన్నీ చూశాడు. తీరా బయల్దేరదామనుకునేసరికి పసరు మంచుకి కరిగిపోయింది. తిరుగు టికెట్టు లేదు. పెద్దన ఆ చిన్న సంగతి మీద ఎంత పెద్ద కథ నడిపాడో మీకు తెలుసు. నాకు అందులో నచ్చేది వేరే. చూడ్డానికి మాత్రమే వెళ్లినవాడికి, ఆ చోటు తన మీద ఒక హక్కు చూపించగలదని తట్టనే లేదు. వరూధిని దారి చెప్పే మనిషి అనుకున్నాడు. ఆవిడకి తన సొంత కోరిక ఉంటుందని ఆయన ప్రణాళికలో లేదు.

మన లంబసింగి ప్రయాణాలు సరిగ్గా అంతే. డిసెంబర్ శని, ఆదివారాల్లో తెల్లవారుజామున నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ రోడ్డు నిండా కార్లే. "ఆంధ్రా కాశ్మీర్" అని ఏ వార్తాపత్రిక ఏ మత్తులో రాసిందో గానీ, జనం అక్కడ మంచు పడుతుందని నమ్మి వెళతారు. అక్కడ ఉండేది పొగమంచు, బాగా చలి పెట్టిన రోజున గడ్డి మీద గట్టిపడ్డ తెల్లటి మంచు బిందువులు. అది తక్కువేం కాదు. చెరువులవేనం మీద నిలబడి కింద మబ్బుల్ని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. చలిని అక్కడివాళ్లు ఎలా చూశారో ఆ పేరులోనే ఉంది. మనం దాన్ని "మైనస్ డిగ్రీలు, కపుల్ టెంట్స్, క్యాంప్‌ఫైర్" అని తర్జుమా చేసుకున్నాం.

ఆ క్యాంప్‌ఫైర్‌లో కట్టెలు ఏ చెట్టువి? టెంటు వేసిన నేల ఎవరిది? ఈ రెండో ప్రశ్నకి చట్టంలో జవాబుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 సవరణ (మన్యంలో పిల్లలకి కూడా తెలిసిన 1/70), 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు. ఇన్ని ఉండగా అరకు, చింతపల్లి చుట్టూ రిసార్టులు ఎవరి పేర్ల మీద లేస్తున్నాయన్నది గది బుక్ చేసుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న. వైఫై ఉందా అని అడుగుతాం. ఇదే చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. ఘాట్ రోడ్డు పనికి మన్యం జనాన్ని వెట్టిగా వాడుకోవడం, అడవిలోకి పోనివ్వకపోవడం ఆ తిరుగుబాటుకి కారణాలు. ఆ రోడ్ల మీదే మనం ఇప్పుడు "రోడ్ ట్రిప్" అంటున్నాం. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం కాబట్టి సరిపోయిందేమో.

చలికాలం మన్యంలో సెలవుల కాలం కాదని ఇంకో విధంగా కూడా తెలుస్తుంది. నవంబర్ నుంచి కాఫీ పళ్లు ఎర్రబడతాయి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగల మధ్య, పొద్దున చలిలో తడి ఆకులు తోసుకుంటూ ఒక్కో పండూ ఏరాలి. అందరూ ఒకేసారి పండవు కనక ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. మనం బాల్కనీలో కూర్చుని తాగే ఆ కప్పు, ఎదురుగా కనిపిస్తున్న ఆ కొండ మీద అదే పొద్దున ఎవరో ఏరుతున్న పని. వలిసె పూల సంగతీ అంతే. పసుపచ్చటి చేను కనపడగానే దిగి, నూనెగింజల పంటని తొక్కుకుంటూ ఫోటోలు. ఇప్పుడు రైతులు చేలోకి అడుగుపెట్టినందుకు డబ్బులు తీసుకుంటున్నారు. "ఇక్కడ కూడా వ్యాపారమేనా" అని వాపోయినవాళ్లని చూశాను. మీ చీర మీద కాలేసి ఫోటో దిగుతానంటే మీరు ఊరికే ఒప్పుకుంటారా?

ఇంతదాకా చదివి తలూపుతున్న సంప్రదాయ ప్రేమికులు కాస్త ఆగండి. "అందుకే మన ధనుర్మాసం గొప్పది, నెలగంట పెట్టాక ఊరంతా ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు" అని మీరు మొదలుపెట్టబోతున్నారని తెలుసు. ఆ నాలుగింటి చలిలో వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, వంగి గంటసేపు ముగ్గు పెట్టింది ఎవరు? దుప్పట్లోంచి మొహం బయటపెట్టి చూసి, పెద్దయ్యాక వ్యాసాల్లో మురిసిపోయింది ఎవరు? "ఆ రోజులే వేరు" అని రాసేవాళ్లలో నూటికి తొంభై మంది రెండో రకం. ఇక్కడా అదే తీరిక గొడవ. అది పని, దాన్ని సరదా అన్నాం. సరదా కూడా ఉంది, నిజమే, చుక్కలు తప్పకుండా మెలికల ముగ్గు మూసుకున్నప్పుడు వచ్చే ఆనందం పెట్టినవాళ్లకే తెలుసు. కానీ అది గొప్ప బుర్ర పెట్టి చేసే పని అని మనం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970లలో ఈ చుక్కల ముగ్గుల్ని తీసుకుని కంప్యూటర్ శాస్త్రంలో చిత్రాల వ్యాకరణాల మీద పరిశోధన చేశారు. వాకిట్లో ఆవిడ వేళ్ల మధ్యనుంచి జారుతున్నది ఒక వ్యాకరణం అని వాళ్లకి తట్టింది. మనకి ప్లాస్టిక్ స్టిక్కరు తట్టింది.

"అయితే మమ్మల్ని ఆనందించొద్దంటారా?" అని అడుగుతారు. నా స్నేహితురాలు అడిగింది కూడా, కాస్త కోపంగానే. వారమంతా తెర ముందు కూర్చుని కళ్లు కాయలు కాచినవాళ్లు శనివారం ఒక పువ్వు అల్లుకుంటే నీకొచ్చిన నష్టమేంటి అంది. నష్టమేం లేదు. అల్లుకోమనే నేనూ అంటున్నాను. కాకపోతే మూడు గంటల్లో ఒక పువ్వు అల్లినవాళ్లకి, ఒక బల్లగుడ్డకి ఎన్ని పువ్వులు పడతాయో, ఎన్ని గంటలు పడతాయో ఇంకెవరికంటే బాగా తెలియాలి. చేతిపని నేర్చుకుంటే వచ్చే అసలు లాభం అదే: ధర చూడటం వస్తుంది. మూడు గంటలు కష్టపడి వంకర పువ్వు ఒకటి చేసిన మనిషి, బయటికొచ్చి ఎగ్జిబిషన్‌లో లేసు అమ్మే ఆవిడతో యాభై రూపాయలు తగ్గించమని బేరమాడితే ఆ వర్క్‌షాప్ డబ్బులు దండగ.

రాసేవాళ్లకీ ఒక మాట, ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మంది మీరే కనక. ఇప్పుడు కొండల మీద "రైటింగ్ రిట్రీట్"లు వచ్చాయి. మూడు రోజులు, పొగమంచు, మౌనం, చివరి రోజు రాసినవి చదువుకోవడం. అలాంటివాటిలో రాసిన కవితలు నేను చాలానే చదివాను. అన్నిట్లో మంచు ఉంటుంది, మౌనం ఉంటుంది, దూరంగా ఒక దీపం ఉంటుంది. ఆ దీపం కింద ఉన్న మనిషి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. పొద్దున మీ గదికి వేణ్ణీళ్ల బకెట్టు మోసుకొచ్చిన పిల్ల ఏ భాష మాట్లాడుతుందో అడిగారా? కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు, మనకి అర్థంకాని యాసలో తెలుగే కావచ్చు. ఆమె మాట్లాడే మాటల్లో చలికి ఎన్ని పేర్లున్నాయో తెలుసుకుని వచ్చినా ఆ మూడు రోజుల డబ్బులు గిట్టేవి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. కేఫుల్లో దూది పీకేసి మామిడికాయల బొమ్మలు పెడతారు. ఊలు ఉండలు అటక మీదకి ఎక్కుతాయి, సగం అల్లిన మఫ్లర్ కొక్కెంతో సహా. నరసాపురంలో అల్లిక మాత్రం మే నెలలో కూడా నడుస్తూనే ఉంటుంది. ఫ్యాన్ తిరిగితే తిరుగుతుంది, కరెంటు పోతే ఆవిడ అరుగు మీదకొచ్చి కూర్చుంటుంది. చెమటకి దారం మాసిపోతే ఏజెంటు ముక్కని వెనక్కి ఇచ్చేస్తాడు కాబట్టి, ప్రతి నాలుగు కుట్లకీ ఒకసారి వేళ్లు పమిటకి తుడుచుకుంటుంది.